కుటుంబ సేవ అంటే ఎవరికి సేవ?

కుటుంబ సలహా కేంద్రం అన్న మాట స్త్రీల సంస్థల్లో పనిచేసే మనందరికీ బాగా అలవాటైపోయింది. బోర్డుల మీద రాసుకుంటాం, రిపోర్టుల్లో రాస్తాం, నిధుల కోసం పెట్టే దరఖాస్తుల్లో రాస్తాం. కానీ ఒంటి నిండా దెబ్బలతో వచ్చిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ మాటలోని చిక్కు తెలుస్తుంది. మనం సలహా చెప్పవలసింది ఆమెకా, ఆమె కుటుంబానికా? కుటుంబానికి మేలు అనిపించేదే ఆమెకు కీడయినప్పుడు మనం ఎవరి పక్షాన నిలబడాలి? ఏళ్ళ తరబడి ఇలాంటి కేంద్రాల్లో స్త్రీల మాటలు వింటున్న నాకు ఈ ప్రశ్న ఏనాడూ పాతబడలేదు.

ఈ ప్రశ్నను కాస్త దూరం నుంచి చూద్దామని ఈ సంచికలో అమెరికాలోని యూదు కుటుంబ సేవా సంస్థల గురించి రాస్తున్నాను. అక్కడి పెద్ద నగరాలు చాలావాటిలో జ్యూయిష్ ఫామిలీ సర్వీస్ అనే పేరుతో ఒక సంస్థ కనిపిస్తుంది. అన్నీ కలిపి వందకు పైనే. మనసు బాగాలేని వాళ్ళకు కౌన్సెలింగ్, పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలకు అండ, ఒంటరి వృద్ధులకు ఇంటి దగ్గర తోడు - ఈ మూడు పనులూ ఒకే కప్పు కింద చేస్తాయి. ఇంట్లో హింసకు గురయిన స్త్రీలకు సాయం, కాందిశీకులకు నిలువనీడ, ఆకలిగా ఉన్నవాళ్ళకు తిండిగింజలు కూడా చాలాచోట్ల వాటి పనిలో భాగమే. యూదులకే కాదు, ఏ మతం వాళ్ళు వచ్చినా తలుపు తీస్తాయి. వీటిని పొగడడానికో, మనం వాళ్ళలా ఎప్పుడవుతామని నిట్టూర్చడానికో ఇది రాయడం లేదు. మనం ఇవాళ పడుతున్న పేచీలన్నీ వాళ్ళు మనకంటే ముందు పడ్డారు. కొన్నింట్లో గెలిచారు, కొన్నింట్లో ఓడారు. ఆ గెలుపోటములు రెండూ మనకు పనికొస్తాయి.

ఈ సంస్థల మూలాలు వెతుక్కుంటూ వెళితే మనకు స్త్రీలే కనిపిస్తారు. 1819లో ఫిలడెల్ఫియాలో రెబెక్కా గ్రాట్జ్ అనే అవివాహిత మరికొందరు స్త్రీలతో కలిసి ఫీమేల్ హీబ్రూ బెనవలెంట్ సొసైటీ స్థాపించింది. ప్రార్థనా మందిరం అజమాయిషీలో లేకుండా, స్త్రీలే నడిపిన సంస్థ అది. ఇబ్బందుల్లో ఉన్న స్త్రీలకూ పిల్లలకూ వాళ్ళు పొయ్యిలోకి బొగ్గు, తిండి, బట్టలు సమకూర్చారు. లాస్ ఏంజెలెస్‌లో 1854లో మొదలైన హీబ్రూ బెనవలెంట్ సొసైటీ ఆ నగరానికే మొట్టమొదటి సహాయ సంస్థ. అక్కడి జ్యూయిష్ ఫామిలీ సర్వీస్ దాని నుంచి పుట్టిందే. ఆ నగరంలోనే 1870లో స్త్రీలు తమ సంఘం తాము పెట్టుకున్నారు. 1893లో షికాగోలో హానా సాలమన్ నాయకత్వాన యూదు స్త్రీల జాతీయ మండలి ఏర్పడింది.

ఇళ్ళిళ్ళూ తిరిగి రోగుల్ని చూసినవాళ్ళు, ఓడ దిగిన ఒంటరి ఆడపిల్లల్ని రేవులోనే కలుసుకుని దళారుల చేతికి చిక్కకుండా కాపాడినవాళ్ళు స్త్రీలే. తరవాత ఈ పని జీతాలతో, చదువులతో, డిగ్రీలతో వృత్తిగా మారింది. అప్పుడు డైరెక్టర్ల కుర్చీల్లో ఎక్కువగా మగవాళ్ళే కూర్చున్నారు, ఇంటింటికీ తిరిగే పని మాత్రం స్త్రీలకే మిగిలింది. ఈ కథ ఎక్కడో విన్నట్టుంది కదూ?

యూదుల భాషలో దానానికి వాడే మాట త్సెదకా. దాని ధాతువుకు అర్థం న్యాయం. ఇచ్చేవాడి దయ గురించి ఆ మాట ఏమీ చెప్పదు, పుచ్చుకునేవాడికి రావలసినది ఇమ్మంటుంది. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడిస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా విడదీశాడు. ముఖం మాడ్చుకుని ఇవ్వడం అన్నిటికంటే కింది మెట్టు. ఇచ్చినది ఎవరో పుచ్చుకున్నవాళ్ళకూ, పుచ్చుకున్నది ఎవరో ఇచ్చినవాళ్ళకూ తెలియకపోవడం పై మెట్లలో ఒకటి. ఇక చెయ్యి చాచే అవసరమే లేకుండా మనిషిని తన కాళ్ళ మీద నిలబెట్టడం అన్నిటికంటే పైది. ఫోటోలు తీసి, ఫ్లెక్సీలు కట్టి కుట్టుమిషన్లు పంచే మన సంస్కృతిలో ఈ మెట్ల లెక్క ఒకసారి మననం చేసుకోవడం మంచిది.

అయితే మాటలో న్యాయం ఉన్నంత మాత్రాన ఆచరణలో న్యాయం వచ్చేయదు. 1881 తర్వాత తూర్పు యూరప్‌లో దాడులకూ, దరిద్రానికీ తట్టుకోలేక అమెరికాకు వలస వచ్చిన యూదులు 1924 నాటికి ఇరవై లక్షలు దాటారు. ఇరుకు గదుల్లో కాపురాలు, బట్టలు కుట్టే షాపుల్లో పగలూ రాత్రీ చాకిరీ. ఆ ఒత్తిడిలో చాలామంది మగవాళ్ళు భార్యాబిడ్డల్ని వదిలేసి కనిపించకుండా పోయారు. దిక్కులేని సంసారాలు సహాయ సంఘాల గుమ్మం ముందు బారులు తీరాయి. 1911లో ఆ సంఘాలన్నీ కలిసి నేషనల్ డెజర్షన్ బ్యూరో అనే ఒక ఆఫీసు తెరిచాయి. పారిపోయిన భర్తల్ని వెతకడం దాని పని. ఫార్వర్డ్ అనే ఇద్దిష్ పత్రికలో తప్పిపోయిన భర్తల బొమ్మలు వరసగా అచ్చు వేసేవాళ్ళు. పట్టుబడిన వాణ్ణి ఇంటికి పంపేవాళ్ళు, మనోవర్తి కట్టించేవాళ్ళు, వినకపోతే కోర్టుకు ఈడ్చేవాళ్ళు.

ఆ పేజీ చూసి ఆనాటి స్త్రీలు ఎంత ధైర్యం తెచ్చుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. వదిలేసిన మగవాడు దర్జాగా తిరుగుతుంటే ఆడది తలవంచుకుని బతికే లోకంలో సిగ్గు ఎవరు పడాలో ఆ బొమ్మలు తేల్చి చెప్పాయి. అయినా ఒక మాట అడగాలి. బ్యూరోను పెట్టినవాళ్ళ ఆందోళనలో సంఘాల ఖర్చు తగ్గించుకోవాలన్నది కూడా ఉంది. భర్త దొరికితే సంసారం ఖర్చు అతని మీద పడుతుంది. కానీ దొరికిన భర్త తిరిగి ఇంటికి రావడం ఆమెకు కావాలా వద్దా? సాయం అడిగిన స్త్రీ నడవడిక ఎలాంటిది, ఇల్లు శుభ్రంగా ఉంచుతుందా లేదా అని ఆరా తీసే అధికారం ఆ కాలపు కేస్ వర్కర్‌కు ఎవరిచ్చారు? సాయంతో పాటు నిఘా కూడా గుమ్మంలోకి వచ్చింది. మనం నింపే కేస్ షీట్లలో కూడా ఆ నిఘా ఎంత ఉందో చూసుకోవలసిందే.

యూదు మతచట్టంలో మరొక ముడి ఉంది. భర్త స్వయంగా విడాకుల పత్రం ఇస్తే తప్ప భార్యకు విముక్తి లేదు. ఇవ్వనన్నా, ఇవ్వకుండా మాయమైపోయినా ఆమె అగునా, అంటే కట్టుబడిపోయిన మనిషి. మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి వీల్లేదు. సంప్రదాయ యూదు సమాజాల్లో ఈ పోరాటం ఈనాటికీ తీరలేదు. న్యూయార్క్ రాష్ట్రం 1983లో ఒకటి, 1992లో మరొకటి చట్టాలు చేస్తే అవి కొంతవరకే ఆసరా అయ్యాయి. మన తెలుగు జిల్లాల్లో పెళ్ళయిన నెలకే అమెరికా వెళ్ళి ఫోను నంబరు మార్చేసిన అల్లుళ్ళ కోసం పాస్‌పోర్ట్ ఆఫీసుల చుట్టూ, పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగే ఆడపిల్లలు మనకు తెలుసు. వీళ్ళ ఫిర్యాదుల కోసమే జాతీయ మహిళా కమిషన్ 2009లో ప్రవాస భారతీయుల విభాగం తెరవవలసి వచ్చింది. వందేళ్ళ కిందటి ఆ యూదు స్త్రీ, ఇవాళ్టి మన కరీంనగర్ అమ్మాయి ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు నాకనిపిస్తుంది.

మానసిక ఆరోగ్యం మాట వచ్చినప్పుడు మనం తప్పకుండా తలుచుకోవలసిన యూదు స్త్రీ ఒకరున్నారు. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ ప్రచురించిన హిస్టీరియా పుస్తకంలో అన్నా ఓ. అనే రోగి కథ ఉంది. లోపల ఉన్నది మాట్లాడితే బాధ తగ్గుతుందని కనిపెట్టి దానికి మాటల చికిత్స అని పేరు పెట్టింది ఆ రోగే. డాక్టర్లకు కీర్తి వచ్చింది. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్ అని 1953లో గాని లోకానికి తెలియలేదు. అప్పటికి ఆమె చనిపోయి పదిహేడేళ్ళు. చదువుకోవాలన్న తపన ఉన్న ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టి, తండ్రి మంచం పక్కన రాత్రింబగళ్ళు సేవకు పెట్టిన రోజుల్లో వచ్చిన జబ్బు అది. దాన్ని జబ్బుగానే చూసినంత కాలం ఆమె ఒట్టి రోగి.

కోలుకున్నాక బెర్తా ఏం చేసిందో మనోవిజ్ఞాన పుస్తకాలు పెద్దగా చెప్పవు. మేరీ వొల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల పుస్తకాన్ని 1899లో జర్మన్‌లోకి అనువదించింది. 1904లో జర్మనీ యూదు స్త్రీల సమాఖ్య స్థాపించింది. ఆడపిల్లల అక్రమ రవాణాను కళ్ళారా చూడడానికి గలీషియా ఊళ్ళు తిరిగింది. మన పరువు మనమే తీసుకుంటామా అని సొంత సమాజం పెద్దలు మందలిస్తే వెనక్కి తగ్గలేదు. 1907లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర నాయ్-ఇజెన్‌బుర్గ్‌లో పెళ్ళికాని తల్లులకూ, వాళ్ళ బిడ్డలకూ, దిక్కులేని ఆడపిల్లలకూ ఇల్లు కట్టింది. ఆమె 1936లో చనిపోయింది. 1938 నవంబర్‌లో నాజీ మూకలు ఆ ఇంటి మీద పడి నిప్పు పెట్టాయి. 1942లో దాన్ని మూసేసి, మిగిలిన వాళ్ళను నిర్బంధ శిబిరాలకు తరలించారు. మానసిక ఆరోగ్యాన్నీ స్త్రీల హక్కుల్నీ వేరువేరు గదుల్లో పెట్టి మాట్లాడేవాళ్ళకు బెర్తా జీవితమే సమాధానం.

ఇంటి లోపలి హింస దగ్గరికి వద్దాం. షాలోం బయిత్ అంటే ఇంటి శాంతి అని అర్థం. వినడానికి ఎంత చల్లగా ఉందో, మోయడానికి అంత బరువు. ఆ శాంతిని కాపాడే బాధ్యత ఇల్లాలిదే అని తరతరాలుగా నూరిపోశారు. యూదు మగవాళ్ళు తాగరు, కొట్టరు అన్న నమ్మకం దానికి తోడయింది. 1980లలో కొందరు స్త్రీలు నోరు తెరిచేవరకూ ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. పరాయివాళ్ళ ద్వేషాన్ని ఇంతగా చవిచూసిన సమాజానికి ఇంటి గుట్టు రట్టు చేయడమంటే శత్రువు చేతికి కత్తి ఇవ్వడమే అన్న భయం ఉంటుంది. ఆ భయం ఊరికే పుట్టలేదని ఒప్పుకోవాలి. కానీ దాని ఖరీదు కట్టినవాళ్ళు స్త్రీలు. మన దళిత, ముస్లిం మిత్రులు ఈ ఇరకాటాన్ని మనందరికంటే బాగా ఎరుగుదురు.

తర్వాత అక్కడి స్త్రీలు ఈ ఇంటి శాంతి అన్న మాటనే పట్టుకుని తిరగేశారు. దెబ్బలున్న ఇంట్లో శాంతి ఎక్కడిది, కొట్టేవాడే దాన్ని భగ్నం చేసినవాడు కదా అని అడిగారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో హింసకు వ్యతిరేకంగా పనిచేసే ఒక యూదు స్త్రీల సంస్థ షాలోం బయిత్ అనే పేరే పెట్టుకుంది. అనేక కుటుంబ సేవా సంస్థలు ఈ బాధితుల కోసం విడిగా విభాగాలు తెరిచాయి. ఇదే కాలంలో అమెరికాలోని దక్షిణాసియా స్త్రీలు కూడా తమ వాళ్ళ కోసం సంస్థలు పెట్టుకున్నారు. న్యూజెర్సీలో 1985లో మానవి, న్యూయార్క్‌లో 1989లో సఖి మొదలయ్యాయి. భర్త వీసా మీద ఆధారపడి, ఉద్యోగం చేసే వీలు లేక, బాంకు అకౌంటు లేక నాలుగు గోడల మధ్య ఉండిపోయిన తెలుగు అమ్మాయికి తన భాషలో పలికే గొంతు ఎంత అవసరమో ఆ సంస్థల్లో పనిచేసేవాళ్ళకు తెలుసు. ఉమ్మడి సేవలు ఎన్ని ఉన్నా, మన తిండీ మన దేవుడూ మన భయాలూ తెలిసిన మనిషి కావాలనుకోవడం మనిషి సహజ హక్కే.

ఇక్కడ మన ఊళ్ళోని కుల సంఘాలను అడగవలసిన మాట ఒకటుంది. కుల సంఘాలకు హాస్టళ్ళున్నాయి, కల్యాణ మండపాలున్నాయి, వధూవరుల పరిచయ వేదికలున్నాయి. తమ కులం ఇళ్ళలో దెబ్బలు తినే స్త్రీ కోసం ఒక గది, ఒక ఫోను పెట్టినవి ఎన్ని? పెళ్ళి కుదిర్చేటప్పుడు కనిపించే ఆత్మీయత ఆ పెళ్ళి విరిగినప్పుడు ఏమవుతోంది?

ఇక పిల్లల సంగతి. అమెరికాలో ప్రభుత్వం 2021లో హైస్కూలు పిల్లల్ని ప్రశ్నించి చేసిన సర్వేలో ఆడపిల్లల్లో 57 శాతం మంది రోజుల తరబడి దిగులుగా, నిరాశగా ఉన్నామన్నారు. మగపిల్లల్లో 29 శాతం. దాదాపు రెట్టింపు తేడా. దీన్ని వయసు చేష్ట అని కొట్టేయడానికి లేదు. యూదు సంస్థలు ఈ పిల్లల కోసం చేసే పనిలో నాకు నచ్చినది ఒకటుంది. కౌన్సెలర్ గదిలో కూర్చుని ఎదురుచూడకుండా బడులకూ, క్లబ్బులకూ వెళ్ళడం, స్నేహితురాలు చచ్చిపోవాలనుందంటే ఏం చెయ్యాలో తోటి పిల్లలకే నేర్పడం. మానసిక ప్రథమ చికిత్స అని పిలిచే ఈ పద్ధతిని ఆస్ట్రేలియాలో బెటీ కిచనర్ అనే నర్సు తన భర్త ఆంథొనీ జోర్మ్‌తో కలిసి 2000 ప్రాంతంలో రూపొందించింది. డిప్రెషన్ అంటే ఏమిటో స్వయంగా అనుభవించిన మనిషి ఆమె.

మన దగ్గర సంగతేమిటి? జాతీయ నేర రికార్డుల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అదే లెక్కల్లో గృహిణులు అనే గడి కింద 25,309 మంది ఉన్నారు. విద్యార్థుల కంటే దాదాపు రెట్టింపు. పత్రికలు ఆ గడి మీద సంపాదకీయాలు రాయవు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ళలో ఆ కౌన్సెలర్ కుర్చీ ఎక్కడ వేశారో, అందులో ఎవరు కూర్చున్నారో మన సంఘాలు వెళ్ళి చూడాలి. యాజమాన్యం జీతం తీసుకుని ప్రిన్సిపాల్‌కు కబుర్లు మోసే మనిషిని కౌన్సెలర్ అనలేం.

కాలిఫోర్నియాలో పన్నెండేళ్ళు నిండిన పిల్లలు తమంతట తాము కౌన్సెలింగ్‌కు సమ్మతి తెలపవచ్చు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ తరఫున నిర్ణయించేది సంరక్షకులు. ఇంట్లో బంధువు చేయి వేస్తున్నాడని చెప్పుకోవలసిన పిల్ల, ప్రేమ సంగతి తెలిస్తే చంపేస్తారని వణికే పిల్ల అమ్మానాన్నల సంతకం పట్టుకుని ఎలా వస్తుంది? ఈ విషయం మీద మన న్యాయవాద మిత్రులు ఆలోచించాలి.

ముసలితనం గురించి ఆ సంస్థలు నేర్చుకున్న పాఠం అన్నిటికంటే లోతైనది. 2024 జనవరిలో క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ ఇచ్చిన నివేదిక ప్రకారం నాజీ మారణహోమాన్ని దాటి బతికి ఉన్నవాళ్ళు ప్రపంచంలో దాదాపు 2,45,000 మంది. అందులో 61 శాతం స్త్రీలు. జర్మనీ ప్రభుత్వం చెల్లించే సొమ్ముతో వీళ్ళకు ఇంటి దగ్గర సేవ అందించేది చాలాచోట్ల ఈ కుటుంబ సేవా సంస్థలే. మతిమరుపు ముదిరినప్పుడు మొన్నటి సంగతులు చెరిగిపోయి డెబ్బై ఎనభై ఏళ్ళ నాటివి పైకి తేలతాయి. స్నానానికి షవర్ కింద నిలబెడితే కేకలు పెడతారు. యూనిఫారం చూస్తే నక్కి కూర్చుంటారు. దిండు కింద రొట్టెముక్కలు దాస్తారు. ఇంగ్లీషు మరిచిపోయి చిన్ననాటి భాషలోకి వెళ్ళిపోతారు. ఇది మొండితనం కాదని, ఆ శరీరం గుర్తుపెట్టుకున్న భయమని పనివాళ్ళకు ఓపిగ్గా నేర్పారు. 2015 నుంచి అమెరికా ప్రభుత్వం కూడా ఈ రకం సేవకు నిధులిచ్చింది. అక్కడ నేర్చుకున్నది గాయపడిన ఇతర వృద్ధులకూ ఇప్పుడు ఉపయోగపడుతోంది.

ఇది చదువుతుంటే నాకు 1985లో కారంచేడు, 1991లో చుండూరు గుర్తుకొచ్చాయి. కళ్ళముందు భర్తల్నీ కొడుకుల్నీ నరుకుతుంటే చూసిన ఆ దళిత స్త్రీలు ఇవాళ వృద్ధులు. చుండూరు కేసులో 2014లో హైకోర్టు ముద్దాయిలందర్నీ విడుదల చేసినప్పుడు వాళ్ళ గుండెల్లో ఏం జరిగిందో అడిగిన మానసిక వైద్యులు ఎవరు? అప్పుల కింద నలిగి మొగుడు పురుగుల మందు తాగి చనిపోతే పొలాన్నీ పిల్లల్నీ మోసుకొచ్చిన రైతుల భార్యలు కూడా ముసలివాళ్ళవుతున్నారు. నష్టపరిహారం గురించి మాత్రం పోట్లాడాం. పరిహారం తర్వాత మిగిలే నిద్రలేని రాత్రుల గురించి మన ఉద్యమాలు కూడా మాట్లాడలేదు.

అమెరికాలో మనవల్ని పెంచడానికి వెళ్ళి, ఆరు నెలలు ఇంటి గోడలు చూస్తూ గడిపే తెలుగు అమ్మమ్మల, నానమ్మల ఒంటరితనం వేరొకటి. కారు నడపలేరు, భాష రాదు, కోడలితోనో కూతురితోనో చెప్పుకుంటే నొచ్చుకుంటారని భయం. సేవ పొందే వయసులో సేవ చేయడానికే వెళ్ళినవాళ్ళు వీళ్ళు. వాళ్ళ మౌనాన్ని సంతోషమని లెక్కేసుకోకూడదు.

వృద్ధుల సేవ గురించి మాట్లాడేటప్పుడు ఆ సేవ చేసే చేతుల్ని మరిచిపోతే మనం హక్కుల పత్రిక నడపడం దండగ. అమెరికాలో ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు స్నానం చేయించి, అన్నం పెట్టే పనివాళ్ళలో అత్యధికులు స్త్రీలు, అందులో నల్లజాతి స్త్రీలు, వలస వచ్చినవాళ్ళు ఎక్కువ. 1974 నుంచి వీళ్ళ పనిని తోడుగా ఉండడం అని పేరు పెట్టి కనీస వేతన చట్టం నుంచి మినహాయించారు. జమైకా నుంచి వచ్చిన ఎవెలిన్ కోక్ అనే పనిమనిషి ఓవర్‌టైం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2007లో ఓడిపోయింది. 2009లో చనిపోయింది. ఆ తర్వాత 2013లో తెచ్చిన నియమం 2015లో అమలై వీళ్ళకు కనీస వేతనం దక్కింది. దాన్ని వెనక్కి తీసుకుంటామని 2025లో అక్కడి కార్మిక శాఖ ప్రతిపాదించింది. ఒక ముసలి స్త్రీ గౌరవంగా బతకడానికి ఇంకో స్త్రీ చవగ్గా ఒళ్ళు హూనం చేసుకోవాలంటే అది న్యాయం ఎలా అవుతుంది? మన నగరాల్లో ఆయా, కేర్‌టేకర్ అని పిలిచే అమ్మాయిల గురించి కూడా ఇదే ప్రశ్న అడగాలి.

డబ్బు గురించి కూడా చెప్పాలి. న్యూయార్క్‌లో 1934లో మొదలైన ఎఫ్.ఇ.జి.ఎస్. అనే యూదు సేవా సంస్థ ఏటా లక్ష మందికి పైగా ఆదుకునేంత పెద్దదైంది. అది 2015లో దివాలా తీసి మూతపడింది. యాజమాన్యం లోపాలు సరే, ఖర్చుకు సరిపోని ధరలకు ప్రభుత్వ కాంట్రాక్టులు ఒప్పుకుంటూ పోవడం కూడా ఒక కారణం. దాని పనుల్లో కొన్నింటిని మరో యూదు సంస్థ ఎత్తుకుంది గనక రోగులు వీధిన పడలేదు. సర్కారు తన బాధ్యతను చవగ్గా మనకు అప్పగిస్తుంటే, కార్యకర్తల జీతాలు కోసుకుని ఆ బరువు నెత్తికెత్తుకోవడం సేవ అనుకుంటున్నాం. ఎవరి మీద ఒత్తిడి పెట్టాలో వాళ్ళను వదిలి మన వాళ్ళనే పిండుతున్నాం.

ఈ దేశంలో ఇలాంటి సేవలకు ఒక ఇల్లు కట్టింది మన తెలుగింటి ఆడపడుచే. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. ఆ బోర్డు 1983 నుంచి కుటుంబ సలహా కేంద్రాలకు నిధులిచ్చింది. ఆ నిధులు ఏనాడూ చాలినంత లేవు, వేళకు రాలేదు. అయినా ఊరికి ఒక గుమ్మం ఉండేది. 2022లో ఆ బోర్డునే మూసేశారు. దాని గురించి మనలో ఎంతమంది వీధికెక్కాం?

మన చేతుల్లో ఆయుధాలు లేకపోలేదు. 2017 చట్టం మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు అంటోంది. ఇంటివాళ్ళు తీసుకుపోలేదన్న ఒక్క కారణంతో ఎవర్నీ ఆస్పత్రిలో ఉంచరాదని పంతొమ్మిదో సెక్షన్ చెబుతోంది. అయినా దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్యశాలల పరిస్థితి అమానుషంగా ఉందని, నయమైనవాళ్ళను కూడా అక్రమంగా అక్కడే ఉంచుతున్నారని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2023 జనవరిలో తేల్చింది. పుట్టింటికీ మెట్టినింటికీ అక్కర్లేని స్త్రీకి ఇలాంటి చోట్ల ఏ గతి పడుతుందో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2022 అక్టోబర్ నుంచి 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో కూడా ఉచితంగా కౌన్సెలర్ మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి సంఘం సమావేశంలోనూ చదివి వినిపించండి. కానీ ఫోను పెట్టేశాక ఆమె తిరిగి వెళ్ళేది అదే ఇంటికి అని మరిచిపోవద్దు.

అందుకని నేను అడిగేవి ఇవి. సలహా కేంద్రాలు ప్రభుత్వ ఖర్చుతో, సరైన జీతాలతో ప్రతి మండలంలో ఉండాలి. అక్కడ కాపురం నిలబెట్టిన కేసుల లెక్క అడగకూడదు, వచ్చిన మనిషి భద్రంగా ఉందా అని అడగాలి. పిల్లలకు పెద్దవాళ్ళ సంతకం లేకుండా మాట్లాడే చోటు కావాలి. వృద్ధ స్త్రీల మనసుకు కూడా వైద్యం కావాలి, పింఛనుతో సరిపెట్టకూడదు. సేవ చేసే స్త్రీలకు వేతన చట్టం వర్తించాలి. వీటిలో మీ జిల్లాలో ఏది ఉంది, ఏది లేదు, ఎవరు అడ్డుపడుతున్నారు అన్నది రాసి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం.

యూదు స్త్రీలు రెండు శతాబ్దాల కిందట బొగ్గు బుట్టతో మొదలుపెట్టి ఇంత దూరం వచ్చారు. దారిలో దయను న్యాయంగా మార్చుకోవడానికి తమ పెద్దలతోనే పోట్లాడవలసి వచ్చింది. మనకూ ఆ పోట్లాట తప్పదు. కుటుంబం అనేది అందులోని మనుషుల కంటే గొప్పదేమీ కాదు. ఆ ఇంట్లో అందరికంటే గొంతు తగ్గించి మాట్లాడే మనిషి ఎవరో చూసి, ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే కుటుంబ సేవ.